ఆడవాళ్ల టికెట్ల కంత

మా అపార్ట్‌మెంట్ సంఘానికి నేను కార్యదర్శిని కావడానికి ఒకటే కారణం. ఆ రోజు మీటింగుకి ఆలస్యంగా వెళ్లాను. గచ్చిబౌలిలో ఎక్కిన ఆఫీసు బస్సు గంటన్నర సేపు నన్ను ఊపి ఊపి చందానగర్‌లో దించింది. ఆకలితో సెల్లార్‌లోకి అడుగుపెట్టేసరికి అందరూ చప్పట్లు కొడుతున్నారు. ఎవరికో అనుకుని నేనూ కొట్టాను.

పదవితో పాటు నాకు అప్పగించిన మొదటి సమస్య పావురాలు. మా భవనం వెనక గోడకి ఆనుకుని ఒక పాత సినిమా హాలు ఉంది. మూతపడి పదేళ్లు దాటింది. దాని రేకుల కప్పు మా మూడో అంతస్తు బాల్కనీకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. పావురాలు పడుకోవడం వరకు అక్కడ పడుకుని, మిగతా పనులన్నీ మా బాల్కనీలకి వచ్చి చేసుకునేవి. ఆరేసిన బట్టలు, ఏసీ పెట్టెలు, తులసి కుండీలు, దేన్నీ వదలలేదు. జనం గ్రూపులో ఫొటోలు పెట్టేవారు. పొద్దున్నే ఫోన్ తీస్తే తెల్లటి మరకల ప్రదర్శన.

హాలు యజమానులకి ఉత్తరం రాశాం. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చారు. ఎప్పటికైనా దాన్ని కూల్చి పెద్ద కట్టడం కడతామనీ, ఈలోగా కావాలంటే మేమే లోపలికెళ్లి పావురాలు ఎక్కడ గూళ్లు పెట్టాయో చూసుకుని వలలు కట్టుకోవచ్చనీ అన్నారు. ఒక ఆదివారం పొద్దున పదింటికి తనిఖీ అని తేల్చుకున్నాం. తనిఖీ బృందమంటే నేనూ, మా సంఘం అధ్యక్షుడూ. ఆయనది కడప వైపు. స్థలాల వ్యాపారం. గోడ కనిపిస్తే దాని అవతల ఎన్ని గజాలుందో తొంగిచూడకుండా ఉండలేని మనిషి.

ముందురోజు సాయంత్రం చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ ఇంట్లో ఈ సంగతి చెప్పాను. మా అత్తగారు చేతిలో కాయ అలాగే పట్టుకుని, "నేను గూడ వస్త" అంది.

"అక్కడంతా దుమ్మండీ అత్తయ్యగారూ. మీ మోకాళ్లు..."

"మోకాళ్లు నావి. దుమ్ము గూడ నాకెరికైందే."

మామగారు పేపరు దించకుండానే, "పాతపడ్డ దాంట్ల ఏముంటదే? పాములుంటయి. ఊకో" అన్నారు. ఆయన అంత పెద్ద వాక్యం పేపరు వెనక నుంచి మాట్లాడటం అరుదు. నేను పట్టించుకోలేదు.

మా ఇంటి గురించి కొంచెం చెప్పాలి. నాది భీమవరం. మా ఆయనది చందానగర్ చుట్టుపక్కల మూలాలున్న కుటుంబం. ఆఫీసులో పక్కపక్క కుర్చీల్లో కూర్చుని మేమే కుదుర్చుకున్న పెళ్లి. మామగారు ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా జిల్లాలన్నీ తిరిగి రిటైరయ్యారు. ఆయనకి జీవితంలో రెండే నమ్మకాలు: ఒకటి, ఫోను మొదటి గంటకే ఎత్తాలి. రెండు, వరుస తప్పకూడదు. లిఫ్టు ముందు ఇద్దరే ఉన్నా ఒకరి వెనక ఒకరు నిలబడమంటారు. ఒకసారి మా బంధువుల పెళ్లిలో భోజనాల దగ్గర వరుస తప్పిన పెళ్లికొడుకు మేనమామకి పావుగంట క్లాసు తీసుకున్నారు.

అత్తగారికి అలాంటి సిద్ధాంతాలేం లేవు. ఇల్లు, వంట, మోకాళ్ల నొప్పులు. అంతే అనుకునేదాన్ని. ఈ ఫ్లాటు కొనేటప్పుడు మాత్రం ఆశ్చర్యపరిచింది. నార్సింగిలో, గచ్చిబౌలిలో తొమ్మిది ఫ్లాట్లు చూపిస్తే తొమ్మిదింటికీ వంక పెట్టింది. ఇక్కడికొచ్చి బాల్కనీలో ఒక్క నిమిషం నిలబడి, "ఇది తీసుకోండ్రి" అంది. గాలి బాగా వస్తోంది కాబోలనుకున్నాం.

ఆదివారం అధ్యక్షుడు బైకు హెల్మెట్టు, ముక్కుకి రెండు మాస్కులు, చేతులకి తొడుగులతో దిగాడు. భుజాన పొడవాటి కొలత టేపు.

"టేపెందుకండీ?" అన్నాను.

"పావురాలకమ్మా," అన్నాడు ఏమాత్రం తడుముకోకుండా.

హాలు గేటు దగ్గర వాచ్‌మన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తాళం తుప్పుపట్టి తాళపుచెవిని మింగేసింది. అటు తిప్పీ ఇటు తిప్పీ, చెమట తుడుచుకుని, "నాలుగేండ్ల సంది ఈడ్నే ఉన్న మేడమ్. ఒక్కనాడు లోపలికి పోలే. నా డ్యూటీ బయటనే" అన్నాడు.

"ఎందుకు పోలేదు?"

"లోపల సప్పుళ్లొస్తయి. ఎవరో సప్పట్లు కొట్టినట్టు."

అవి పావురాల రెక్కలని చెప్పాను. నమ్మినట్టు తల ఊపాడు గానీ కుర్చీ ఇంకో అడుగు వెనక్కి జరుపుకున్నాడు.

మేం తాళంతో కుస్తీ పడుతుంటే అత్తగారు కనిపించలేదు. చూస్తే, గోడ పక్కన ముళ్లపొదలని చేతికర్రతో పక్కకి నెడుతూ ఒక సందులోకి వెళ్లిపోతోంది. రెండు గోడల మధ్య మనిషి ఒక్కరే పట్టేంత సందు.

"అత్తయ్యగారూ, అటెక్కడికండీ?"

"గా తాళం రాదు. అది ఆనాడు గూడ రాకపోయేది. గిట్ల రాండ్రి."

ఆనాడు అంటే ఏనాడని అడిగే వ్యవధి ఇవ్వకుండా సందు చివర మలుపు తిరిగింది. అక్కడ ఒక చెక్క తలుపు. కింద కాలితో తన్ని, పైన భుజంతో ఒక్క నెట్టు నెట్టింది. తెరుచుకుంది. మోకాళ్ల నొప్పులకి రోజూ నా చేత నూనె రాయించుకునే మనిషి.

లోపల మొదట చీకటి. తర్వాత రేకుల కన్నాల్లోంచి పడుతున్న ఎండ కనిపించింది. ఆ వెలుతురు పోగుల్లో దుమ్ము, ఈకలు. మేం నాలుగడుగులు వేశామో లేదో, వందల పావురాలు ఒక్కసారి లేచాయి. నిజంగానే హాలు నిండా చప్పట్లు కొట్టినట్టే ఉంది. వాచ్‌మన్‌ని తప్పుపట్టలేం.

తెర చిరిగి సగం కిందికి వేలాడుతోంది. ముందు భాగం ఉత్త గచ్చు. అది నేల క్లాసు. దాని వెనక బెంచీలు. ఆ వెనక కుర్చీలు. పైన బాల్కనీ. అధ్యక్షుడు హాలు మధ్యలో నిలబడి మెడ నాలుగు దిక్కులా తిప్పాడు. పావురాల వైపు తప్ప.

"ఏం స్థలమమ్మా ఇది! రోడ్డు మొగం గూడా బాగుండాది," అంటూ టేపు కొసని ఒక కుర్చీకి తగిలించి, అలిసినట్టు ఆ పక్క కుర్చీలో కూర్చోబోయాడు.

"అయ్యో, గా మూడో దాంట్ల కూసోవద్దు!" అని అత్తగారు అరిచింది.

అప్పటికే ఆయన కూర్చున్నాడు. మడత కుర్చీ పీట ఆయన్ని తీసుకుని టక్కున పైకి మడుచుకుంది. మోకాళ్లు గడ్డానికి, హెల్మెట్టు వెనక వరుసకి తగిలాయి. "నేను ఇరుక్కుపోయినానమ్మా! లాగండి!" అని మాస్కుల్లోంచి మొత్తుకున్నాడు. నేను చేతులు పట్టి లాగాను. రాలేదు. అత్తగారు వెనక్కి వెళ్లి కుర్చీ కింద ఎక్కడో కర్రతో ఒక్క పోటు పొడిచింది. ఆయన ముందుకి దూకినట్టు బయటపడ్డాడు.

"దాని స్ప్రింగు ఎన్నడూ సరిగ్గ లేకుండె," అంది. "ఎంతమంది పంచెలు చినిగినయో."

ఇక ఊరుకోలేకపోయాను. "మీకెలా తెలుసండీ ఇవన్నీ?"

అత్తగారు పక్క తలుపులోంచి ఒక చిన్న గదిలోకి వెళ్లింది. గది అంటే, మనిషి చేతులు చాపితే రెండు గోడలూ తగులుతాయి. సిమెంటు గట్టు ఒకటి. దాని మీద గోడలో గుండ్రటి కంత, మణికట్టు పట్టేంత. కంత అవతల మేం వచ్చిన సందే. అత్తగారు కొంగుతో గట్టు తుడిచి, అక్కడున్న మూడు కాళ్ల స్టూలుని గోడకి ఆనించి, మెల్లగా కూర్చుంది.

"నాలుగేండ్లు ఈడ్నే కూసున్న," అంది. "ఆడోళ్ల టికెట్లు నేనే ఇచ్చిన."

నేను ఆ ఇంటికి కోడలినై పదహారేళ్లు. ఆవిడ సినిమా హాల్లో పనిచేసిందన్న మాట అప్పుడే వినడం. పెళ్లికి ముందు పోస్టాఫీసులో కొన్నాళ్లు స్టాంపులు అమ్మిందని మా ఆయన ఎప్పుడో చెప్పాడు. అదీ పెద్ద ఉద్యోగం కాదన్నట్టు చెప్పాడు. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు ఆవిడ నన్ను రోజూ అడిగేది, "మీ ఆఫీసుల కూసోనీకె కుర్చీ మంచిదిచ్చిండ్రా?" అని. పాపం, ఇంతకు మించి అడగడానికి ఆవిడకేం తెలుసులే అనుకుని ముక్తసరిగా ఊఁ కొట్టేదాన్ని. ఆ స్టూలు చూశాక సిగ్గేసింది.

"మొకాలు ఒక్కటి గూడ చూడలే బిడ్డా. అన్ని చేతులే," అంది. "పసుపు చేతులు, పేడ చేతులు, గోరింటాకు చేతులు. మిరపకాయలు తెంపొచ్చిన చెయ్యి ఒకటి వచ్చేది. గా పైసలు ముట్టి మర్చిపోయి కండ్లు రుద్దుకున్ననంటె ఇగ ఆట అయిపోయేదాంక ఏడుసుడే. బయట జనం, సినిమ చూసి ఏడుస్తున్ననని అనుకునేటోళ్లు. ఒక్క చేతికి రెండు టికెట్లే. మొగోళ్ల లైను రోడ్డు దాంక ఉండేది గదా, వాళ్లు ఆడోళ్లను బతిమాలుకునేది, అక్కా నాకు గూడ తెచ్చిపెట్టవా అని. నేను ఇయ్యకపోయేది."

"ఎవరూ మోసం చెయ్యలేదా?"

ఆవిడ మొహం ఒక్కసారి నలభై ఏళ్లు చిన్నదైంది. "ఒకనాడు ఒక చెయ్యొచ్చింది. అయిదు గాజులు. ఎర్రటియి. 'రెండు ఇయ్యరాదు అక్కా' అని సన్నగ గొంతు. నేను టికెట్లు పెట్టబోతుంటి. చూస్తె, గాజుల మధ్యల వెంట్రుకలు! గడ్డి లెక్క! గట్లనే పట్టుకున్న."

"చేతినా?"

"చేతినే. రెండు చేతులతోటి. ఇడవలే. బయట ఆడోళ్లు ఒకటే లొల్లి. నేను మేనేజరు సారు వచ్చేదాంక ఇడవలే. అర్ధగంట."

"ఎవరండీ ఆ మనిషి?"

"ఎవడో. నాకేమెరిక?" అని ఆవిడ గట్టు మీద లేని దుమ్ముని తుడవసాగింది.

ఆ కంతలోంచి చెయ్యి పెడితే ఎలా ఉంటుందో చూడాలనిపించింది. చదువుకున్నదాన్ని, నలభై దాటినదాన్ని, ఒక సంఘానికి కార్యదర్శిని. అయినా సందులోకి తిరిగివెళ్లి, చెయ్యి లోపలికి పెట్టి, "రెండివ్వండి అక్కా" అన్నాను. అత్తగారు నవ్వి, నేల మీద దొరికిన పాత టికెట్టు ముక్క నా అరచేతిలో పెట్టింది. పిడికిలి మూసి వెనక్కి లాగాను. రాలేదు.

"ముందు పిడికిలి ఇడువు," అంది లోపల నుంచి. విడిచాను. అయినా రాలేదు. వెళ్లేటప్పుడు మంచిగా వెళ్లిన నా స్మార్ట్ వాచీ వచ్చేటప్పుడు అడ్డం తిరిగింది. గోడ మందం మధ్యలో, అటు ఆవిడకీ ఇటు నాకూ అందని చోట. అధ్యక్షుడు పరుగెత్తుకొచ్చి నా మోచెయ్యి పట్టుకుని లాగాడు. ఒక్కసారి లాగేసరికి నాకు పాత పాపాలన్నీ గుర్తొచ్చాయి. వాచీ పక్కనున్న మీట గోడకి నొక్కుకుపోయింది. గోడలోంచి కీచుమని ఒక సైరను మొదలైంది. ఆపదలో ఉన్నామని ఇంటివాళ్లకి చెప్పే సైరను. పావురాలు మళ్లీ లేచాయి. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీ పడిన చప్పుడు వినిపించింది.

సైరను ఆగి ఫోను మోగడం మొదలైంది. ఆ వాచీలో ఆపద వస్తే పిలవాల్సిన మనిషిగా మామగారి నంబరు పెట్టాను. మా ఆయన పనిమీద బెంగళూరులో ఉన్నాడు. ఇంట్లో ఉన్నా ఎత్తడు. మామగారు మొదటి గంటకే ఎత్తారు.

"హలో? ఏమైందమ్మా?" గోడలోంచి మామగారి గొంతు.

నేను బయట నుంచి అరిస్తే ఆయనకి వినపడటం లేదు. అత్తగారు కంతకి నోరు దగ్గర పెట్టి, నా చేతితో మాట్లాడింది. "నేనే. పరేషాన్ గాకు. కంతల చెయ్యి ఇరికింది."

అవతల పేపరు మడిచిన చప్పుడు. తర్వాత మామగారు మెల్లగా అడిగారు. "ఎవరిది?"

"నీది గాదులే ఈసారి. కోడలిది."

గోడకి చెంప ఆనించి నిలబడ్డ నాకు ఆ మాట అర్థమవడానికి ఒక క్షణం పట్టింది. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. చెయ్యి ఇరుక్కుని నవ్వడమంత బాధ ఇంకోటి లేదు, నవ్విన ప్రతిసారీ వాచీ ఇంకొంచెం దిగుతుంది. అధ్యక్షుడు భయపడి, "నొప్పికి మతి చలించినట్టుండాదే పాపకి" అన్నాడు.

పది నిమిషాల్లో మామగారు వచ్చారు. ఇంట్లో కట్టుకునే లుంగీ, కాళ్లకి ఆఫీసు బూట్లు, చేతిలో కొబ్బరినూనె సీసా. వాచ్‌మన్ని దారి అడగలేదు. గేటు దగ్గర ఆగలేదు. నేరుగా సందులోకి వచ్చి, అధ్యక్షుణ్ణి పక్కకి జరగమన్నారు.

"అందరు బయటికే గుంజుతరు. అదే తప్పు," అన్నారు, ఆఫీసులో కొత్త గుమాస్తాకి ఫైలు నేర్పుతున్నట్టు. "ముందు లోపలికి తొయ్యాలె. జర మోచెయ్యి ఎత్తమ్మా. ఇంక. ఇంక. ఏమే, వాచీ అందిందా?"

"అందింది," అని లోపల నుంచి అత్తగారు పట్టీ విప్పింది.

"ఇప్పుడు బొటనవేలు అరచేతిలకు మడువు. నాలుగు వేళ్లు కలుపు. కుడిదిక్కు తిప్పుకుంట రా."

చెయ్యి వెన్నలా బయటికొచ్చింది. నూనె అవసరమే రాలేదు. నేను మణికట్టు రుద్దుకుంటూ, "మీకు బాగా అనుభవమున్నట్టుందండీ మామయ్యగారూ" అన్నాను.

ఆయన సీసా మూత తీసి, మళ్లీ బిగించారు. "ఆనాడు నాకెవ్వరు చెప్పలే," అన్నారు. "అందుకే పది నిమిషాలు పట్టింది."

"అర్ధగంట!" అని కంతలోంచి వచ్చింది.

"పది నిమిషాలే. మా అమ్మకు భక్తి సినిమ చూడాలని ఉండె. మొగోళ్ల లైన్ల టికెట్లు దొరకకపాయె. అమ్మ కోసమని..."

"భక్తి సినిమనా? కత్తియుద్ధాల సినిమ! నాలుగోసారి చూడవొచ్చినవు!"

"మూడోసారి," అన్నారు మామగారు. అన్నాక నాలుక కరుచుకున్నారు.

మేనేజరు పోలీసుల్ని పిలుస్తానంటే అత్తగారే వద్దందట. గాజులు మాత్రం విప్పించి దగ్గర పెట్టుకుంది. అవి మామగారి చెల్లెలివి, ఇంటికి తిరిగి వెళ్లాలి. మర్నాడు ఆయన గాజుల కోసం వచ్చారు. ఒకటి ఇచ్చి, రేపు రమ్మంది. మర్నాడు ఇంకోటి.

"రోజుకొక్కటి ఇచ్చిన," అంది అత్తగారు. "అయిదు గాజులు, అయిదు రోజులు."

"ఆరో రోజు?"

"ఆరో రోజు ఉట్టిగనే వచ్చిండు."

పెళ్లిలో వీళ్లకి పాణిగ్రహణం చేయించిన అయ్యగారికి, ఆ పని అంతకుముందే ఒకసారి అయిపోయిందని తెలిసి ఉండదు. టాకీసులో పనిచేసిన పిల్లంటే తన తల్లి ఒప్పుకోదని మామగారికి భయం. అందుకని ఇద్దరూ కలిసి పోస్టాఫీసు కథ అల్లారు. "అక్కడ గూడ కిటికీ ఉంటది, కాయితం చింపి ఇచ్చుడే ఉంటది. గంత పెద్ద అబద్ధమేం గాదు," అని అత్తగారు సమర్థించుకుంది. ఆ తల్లి పోయి చాలా ఏళ్లయింది. అబద్ధానికి ఇంట్లో అంతా అలవాటుపడి, దాన్ని ఎవరూ కదిలించలేదు.

తనిఖీ నివేదికలో నేను రెండు వాక్యాలు రాశాను. పావురాలు ఉన్నాయి. వలలు పైన కట్టాలి. అధ్యక్షుడు ఒక వాక్యం కలిపాడు, స్థలం వెడల్పు ఎంతో.

శుక్రవారం మా ఆయన బెంగళూరు నుంచి వచ్చాడు. అన్నాల దగ్గర నేను మొత్తం చెప్పాను, గోడలోంచి మామగారి గొంతు రావడం దగ్గర అనుకరణతో సహా. మా ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా విన్నాడు. తన నాన్న గాజులు వేసుకుని ఆడవాళ్ల వరుసలో నిలబడ్డాడన్న సంగతి లోపలికి దిగడానికి ఆయనకి రెండు గ్లాసుల మంచినీళ్లు పట్టాయి. చివరికి మా ఎవరికీ తట్టని ప్రశ్న అడిగాడు.

"అది సరే నాన్నా. చీర ఎవరు కట్టిండ్రు? నీకు పంచె కట్టుకోనీకే రాదు గదా."

మామగారు పెరుగు కలుపుకుంటూ, "ఇంకెవరు కడతరు? మా అమ్మనే" అన్నారు.

అత్తగారి చెయ్యి గిన్నె మీదే ఆగిపోయింది. "ఏందీ?"

"కుచ్చిళ్లు పెట్టి, గాజులేసి, కొంగు నెత్తి మీదికి కప్పి పంపింది. ఇంటికి పోయినంక గాజులేవిరా అనడిగింది. ఉన్నది ఉన్నట్టు చెప్పిన. చెయ్యి పట్టుకున్న పిల్ల ఎట్లుంటది అనడిగింది. మొకం చూడలే, పట్టు మాత్రం గట్టిదన్న."

"అంటే ముసల్దానికి మొదటి సందే ఎరికనా?"

"ఎరికనేమో. నేనెన్నడు అడగలే."

అత్తగారు గిన్నె మీద మూత పెట్టింది. తర్వాత మెల్లగా అంది, "ఇరవై ఏండ్లు. ఏ కార్డు రాసినా, ఏ కవరు పంపినా, నన్నే పిలిచేది. 'దీనికి ఎంత స్టాంపు అంటించాలె బిడ్డా, నీకు ఎరికలేందా' అని. నలుగుట్ల అడిగేది. నేను లోపలికి పోయి, పక్కింటోళ్లను అడిగి వచ్చి చెప్పేదాన్ని."

మా ఆయన టేబుల్ మీద తల పెట్టుకుని నవ్వుతున్నాడు. అత్తగారు లేచి చెయ్యి కడుక్కుని, ముందుగదిలో గోడకున్న వాళ్ల అత్తగారి ఫొటో ముందుకి వెళ్లి నిలబడింది. తెల్లటి జుట్టు, పెద్ద బొట్టు, పెదాలు బిగించిన ఫొటో. ఇన్నాళ్లూ ఆ బిగింపుని నేను గాంభీర్యం అనుకున్నాను.

"ఎంత గడుసుదానివి తల్లీ," అంది ఫొటోతో, కొంగుతో అద్దం తుడుస్తూ.